చేతికి లెక్క, చెవికి కొలత

ప్రొద్దుటూరిలోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో ఒక పాఠశాలను ఊహింపుడు. ఎనిమిదవ తరగతి గదిలో ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఒక కమ్మీ రేఖాచిత్రమును గీచినాడు. అది ఒక సంవత్సరములో నెలనెలకు కురిసిన వర్షమును తెలుపు చిత్రము. ఒక్కొక్క నెలకు ఒక్కొక్క కమ్మీ. కొన్ని పొట్టివి, కొన్ని పొడవైనవి. "ఏ నెలలో వాన అధికముగా కురిసినది?" అని ఆయన అడుగగానే బాలబాలికల చేతులన్నియు ఒక్కసారి లేచినవి. ఒక్క చేయి మాత్రము లేవలేదు. మూడవ వరుసలో కూర్చున్న ఆ బాలునికి చూపు లేదు. కూడికలలోను హెచ్చవేతలలోను అతడు తరగతిలో ఎవరికిని తీసిపోడు. ఐనను బల్లమీది సుద్దగీత అతనికి అందదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పు శక్తి అతనికి లేకపోలేదు. ప్రశ్నయే అతని యొద్దకు చేరలేదు.

ఇచ్చట మనము ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. వర్షపు లెక్క సుద్దగీతలో ఉన్నదా? లేదు. వాన కురిసినది పొలములో. దానిని కొలిచినది వర్షమాపకము. వచ్చిన ఫలితము ఒక సంఖ్య. ఆ సంఖ్యను కంటికి అందించుటకై గీత గీచితిమి. కన్ను ఒక ద్వారము మాత్రమే. చేతికిని, చెవికిని అందునట్లు అదే సంఖ్యను వేరొక విధముగ చెప్పలేమా? చెప్పవచ్చును. అంతేకాదు, మన సీమలో మన పెద్దలు ఎంతో కాలముగ చెప్పుచునే యున్నారు.

మీలో పల్లెటూరి పిల్లలు పశువుల సంతను చూచియే యుందురు. ఎద్దుల జతను అమ్మువాడొకడు, కొనువాడొకడు, నడుమ దళారి యొకడు. చుట్టును పదిమంది మూగి నిలుచుందురు. బేరము ఆరంభమైనదనుటకు గుర్తుగా దళారి తన భుజముపైనున్న కండువాను తీసి, అమ్మువాని చేతిమీదను తన చేతిమీదను కప్పును. ఆపైన మాటలు తగ్గిపోవును. కండువా చాటున దళారి అమ్మువాని వ్రేళ్ళను పట్టుకొనును. ఒక వ్రేలు పట్టిన ఒక లెక్క, రెండు వ్రేళ్ళు పట్టిన మరొక లెక్క. అమ్మువాడు తల అడ్డముగ త్రిప్పి, తానును దళారి వ్రేళ్ళను పట్టి తన ధర చెప్పును. పిమ్మట దళారి కొనువాని యొద్దకు పోయి అదే విధముగ ముచ్చటించును. చుట్టునున్న పదిమందికి కనబడునది కదలుచున్న కండువా మాత్రమే. ధర ఎంతయో ఆ చేతులకే తెలియును.

ఇంత చాటు ఎందులకు? ధర బహిరంగముగ పలికినచో, దానిని విని ప్రక్కవాడు పోటీకి రావచ్చును. లేదా ఈ జత ఇంత తక్కువకు పోయెనని తెలిసి తక్కిన పశువుల ధరయు పడిపోవచ్చును. కరవు సంవత్సరములో గడ్డి లేక ఎద్దులనమ్ముకొను రైతుకు తాను ఎంతకు దిగివచ్చెనో నలుగురికి తెలియకుండుట గౌరవముతో కూడిన విషయము. కనుక కంటికిని చెవికిని మూసిన ఆ లెక్కను చేతికి మాత్రము తెరచి యుంచిరి. గుర్తులు సంతకొక తీరుగ నుండవచ్చును. కాని ఒక నియమము అంతటను ఒక్కటియే: పట్టిన వ్రేలు వేయికి గుర్తా, నూరునకు గుర్తా యనునది ఇరువురికిని ముందుగనే తెలిసి యుండవలెను. అది తెలియనిచో ఆ పట్టు వట్టి పట్టేగాని లెక్క కానేరదు.

ఈ పద్ధతి మన దేశములో ఎంత పాతదో తెలుపు సాక్ష్యమొకటి కలదు. జమ్మలమడుగునకు పడమరగా సుమారు పదిహేను కిలోమీటర్ల దూరమున, పెన్నానది కొండలను చీల్చుకొని పారు లోయ అంచున గండికోట యున్నది. 1652వ సంవత్సరములో ఆ కోటకు ఫ్రాన్సు దేశపు రత్నవర్తకుడు టావెర్నియర్ వచ్చెను. అప్పుడు కోట గోలకొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో నుండెను. తన యొద్దనున్న రత్నములను అతనికి చూపుటకై ఆ వర్తకుడు అంత దూరము వచ్చెను. దక్కనులోని వజ్రపు గనులనుగూడ దర్శించి, అచ్చటి వర్తకుల ఆచారములను టావెర్నియర్ తన యాత్రాగ్రంథములో వివరముగ వ్రాసెను. వానిలో ఒకటి ఈ చేతి బేరమే.

అతడు వ్రాసిన దాని సారాంశమిది. అమ్మువాడును కొనువాడును ఎదురెదురుగ కూర్చుందురు. ఒకడు తన నడికట్టును విప్పును. అమ్మువాడు కొనువాని కుడిచేతిని పట్టుకొని, రెండు చేతులను ఆ గుడ్డతో కప్పును. చేతిని మొత్తముగ పట్టిన వేయి. ఎన్నిమార్లు నొక్కిన అన్ని వేలు. ఐదు వ్రేళ్ళను మాత్రము పట్టిన ఐదువందలు. ఒక్క వ్రేలు పట్టిన నూరు. వ్రేలిలో నడిమి కణుపు వరకు సగము పట్టిన ఏబది. వ్రేలి కొనను మాత్రము పట్టిన పది. నోట మాట లేదు, కంట సైగ లేదు. గదినిండ జనమున్నను వారిలో ఒక్కరికిని ధర తెలియదు.

ఇప్పుడు మీరు ఒక లెక్క చేయుడు. గుడ్డ చాటున ఒకడు మీ చేతిని మొత్తముగ పట్టి రెండుమార్లు నొక్కెను. పిదప ఐదు వ్రేళ్ళను పట్టెను. పిదప ఒక్క వ్రేలిని. పిదప సగము వ్రేలిని. తుదకు వ్రేలి కొనను పట్టెను. ధర ఎంత? రెండువేలు, ఐదువందలు, నూరు, ఏబది, పది, వెరసి 2,660. కాగితము లేదు, కలము లేదు, దీపము లేదు. ఐనను లెక్క తప్పలేదు. ఇందులో గమనింపదగినవి మూడు కలవు. మొదటిది, గుర్తుల అర్థము ఇరువురికి ముందే తెలియుట. రెండవది, ఒక గుర్తునకును మరొక గుర్తునకును మధ్య చర్మము పోల్చుకొనదగిన భేదముండుట. మొత్తము చేయికిని వ్రేలి కొనకును పొరపాటు పడుట కష్టము. మూడవది, పెద్ద విలువ నుండి చిన్న విలువకు క్రమముగ దిగుట. ఈ మూడు నియమములను జ్ఞాపకముంచుకొనుడు. ముందు వీనితో మనకు పని యున్నది.

చేతి సంగతి ఇట్లుండగా, ఇక చెవి సంగతి చూతము. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతములు నాపరాళ్ళకు ప్రసిద్ధి. ఇండ్లలో నేల పరచుటకు, అరుగులు కట్టుటకు ఆ బండలను దూర ప్రాంతములకు సైతము తీసికొని పోవుదురు. అనుభవముగల పనివాడు బండను ఎత్తుటకు ముందు సుత్తి కొనతో మెల్లగ తట్టి చూచును. బండ గట్టిదైనచో గంటవలె ఖణీలున మ్రోగును. లోపల సన్నని బీట యున్నచో బొదబొదయను మందమైన శబ్దము వచ్చును. బీట పైకి కనబడదు. ఐనను చెవి దానిని పట్టుకొనును. కారణమేమనగా, సుత్తి దెబ్బకు బండలో పుట్టిన కంపనము ఒక కొస నుండి మరొక కొసకు ఆటంకములేక పోయినచో ధ్వని నిలిచియుండును. నడుమ బీట యున్నచో కంపనము అచ్చటనే చెదరి త్వరగ చచ్చిపోవును. కుండలు కొను గృహిణి కుండను వ్రేలి కణుపుతో తట్టి చూచుటయు, పూర్వము వర్తకులు వెండి రూపాయిని రాతిపై మ్రోగించి చూచుటయు ఈ విద్యయే.

ఇదే విద్య వైద్యశాస్త్రములోనికి ఎట్లు ప్రవేశించెనో చూడుడు. ఆస్ట్రియా దేశములో అవెన్‌బ్రుగ్గర్ అను వైద్యుడుండెను. అతని తండ్రి సత్రము నడుపువాడు. పీపాలో మద్యము ఎంతవరకున్నదో తెలిసికొనుటకు దానిని పైనుండి క్రిందికి తట్టుచు శబ్దము మారిన చోటును కనిపెట్టుట ఆ కాలములో వాడుక. చిన్ననాట చూచిన ఆ పనియే కుమారునికి దారి చూపెనని చెప్పుదురు. అతడు రోగి రొమ్మును వ్రేళ్ళతో తట్టి, లోపల గాలి యున్నదో నీరు చేరినదో చెప్పు పద్ధతిని 1761లో ప్రకటించెను. 1816లో లేనెక్ అను ఫ్రెంచి వైద్యుడు కాగితమును గొట్టముగ చుట్టి, దానిగుండ రోగి గుండె చప్పుడును వినెను. వైద్యుల మెడలోనుండు స్టెతస్కోపు అట్లు పుట్టినది. నేడు జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో రోగి రొమ్మున గొట్టమునుంచి చెవియొగ్గు వైద్యుడును, ఊరిబయట బండను తట్టి చెవియొగ్గు పనివాడును, తెలిసియో తెలియకయో ఒకే బడిలో చదివినవారు.

ఐతే బండ శబ్దము చెప్పునది ఒక్క మాటయే: మంచిదా, చెడ్డదా? చెవికి ఇంతకు మించిన లెక్క తెలియదా యని మీరడుగవచ్చును. దానికి జవాబు పులివెందుల ప్రాంతములో దొరకును.

పులివెందులకు సమీపమున, వేముల మండలములో తుమ్మలపల్లె యను గ్రామమున్నది. అచ్చటి సున్నపురాతి పొరలలో యురేనియము అను లోహము కలదు. 2007లో అచ్చట గనికి శంకుస్థాపన జరిగెను. 2012లో ఉత్పత్తి ఆరంభమయ్యెను. యురేనియము వలనను, దానినుండి పుట్టు ఇతర మూలకముల వలనను ఎల్లప్పుడు కిరణములు వెలువడుచుండును. ఆ కిరణములకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు, తాకిడి తెలియదు. పంచేంద్రియములలో ఏదియు వానిని నేరుగ గుర్తింపజాలదు. ఐనను అవి హద్దుమీరినచో శరీరమునకు హాని కలుగును. కనుక అట్టి చోట్ల పనిచేయువారికి వాని రాకను తెలుపు దూత యొకడు కావలెను. అట్టి దూతలలో పేరుపొందినది గైగర్ గణకయంత్రము.

దాని నిర్మాణము కష్టమైనది కాదు. ఒక లోహపు గొట్టములో పలుచని వాయువును నింపుదురు. గొట్టము నడుమ సన్నని తీగ యుండును. తీగకును గొట్టమునకును మధ్య అధికమైన విద్యుత్పీడనము నుంచుదురు. మామూలుగ వాయువులో విద్యుత్తు ప్రవహింపదు. కిరణమొకటి లోపలికి దూసికొని వచ్చినప్పుడు అది వాయుకణముల నుండి ఎలక్ట్రానులను ఊడగొట్టును. అవి తీగవైపు పరుగెత్తుచు త్రోవలో మరికొన్నిటిని ఊడగొట్టును. ఇట్లు క్షణములో ఒక చిన్న విద్యుత్ప్రవాహము పుట్టి ఆగిపోవును. ఆ ప్రవాహమును ధ్వనియంత్రమునకు చేర్చినచో "టిక్" అను శబ్దము వినబడును. గొట్టమునకు చిక్కిన కిరణమొకటి, శబ్దమొకటి. కిరణములు అరుదుగ వచ్చినచో "టిక్... టిక్..." అని ఆగి ఆగి పలుకును. దట్టమైనచో పెనముమీద పోపుగింజలవలె చిటపటలాడును.

ఇంగ్లండులోని మాంచెస్టరులో రూథర్‌ఫర్డ్ శాస్త్రజ్ఞుని యొద్ద పనిచేయుచు గైగర్ 1908లో ఈ యంత్రమునకు తొలిరూపము నిచ్చెను. 1928లో తన శిష్యుడు ముల్లర్‌తో కలిసి దానిని బాగుచేసెను. ఆ కాలమున కిరణములను లెక్కించుటకు మరియొక పద్ధతి యుండెను. చీకటి గదిలో కూర్చుండి, కిరణము తాకినప్పుడు తెరమీద మెరయు సూక్ష్మమైన వెలుగు చుక్కలను కంటితో లెక్కించుట అది. కన్ను చీకటికి అలవాటు పడుటకు చాలసేపు వేచియుండవలెను. లెక్క మొదలిడిన కొద్ది నిమిషములకే కన్ను అలసిపోయెడిది. చెవికి ఆ చిక్కు లేదు. యంత్రమును చేతబట్టి నడచువాడు త్రోవను చూచుచునే శబ్దమును వినవచ్చును. శబ్దము దట్టమైన మరుక్షణమే కాలు వెనుకకు తీయవచ్చును. ముల్లుతో కూడిన అంకెలపలక యున్నను చాల యంత్రములలో శబ్దమును గూడ ఉంచుటకు కారణమిదియే.

ఇందులో చక్కని గణితపాఠ మొకటి యున్నది. కిరణములు గడియారమువలె సమాన వ్యవధిలో రావు. ఒక నిమిషములో 25 శబ్దములు వినబడినవనుకొందము. మరుసటి నిమిషములో 21 కావచ్చును, 29 కావచ్చును. సుమారు ఐదు అటు, ఐదు ఇటు మారుట సహజము. అనగా ఐదింట ఒక వంతు సందేహము. ఓపికతో 2,500 శబ్దములు లెక్కించినచో మార్పు సుమారు ఏబది; అనగా ఏబదింట ఒక వంతు మాత్రమే. కనుక ఎక్కువసేపు వినిన కొలది లెక్క నమ్మదగినదగును. ఒక్క శబ్దమునకు బెదరరాదు. ఒక్క నిశ్శబ్దమునకు మురియరాదు. మరియొకటి: ప్రతి యంత్రమును తనకు తెలిసినదే చెప్పును. ఈ గొట్టము కిరణములనుగూర్చి చెప్పునేగాని, బావినీటిలో కరిగిన లవణములనుగూర్చి చెప్పజాలదు. దానికి వేరు పరీక్ష కావలెను.

ఇప్పుడు ప్రొద్దుటూరు బజారుకు పోదము. బంగారు వ్యాపారమునకును వస్త్ర వ్యాపారమునకును పేరుపొందిన ఆ పట్టణములో ప్రతిదినము ఎన్నో నోట్లు చేతులు మారుచుండును. చూపులేని మనుజుడొకడు దుకాణమునకు వచ్చి తన కుమార్తెకు గుడ్డలు కొన్నాడనుకొనుడు. చిల్లరగా తనకిచ్చినది నూరు రూపాయల నోటో, ఐదువందల నోటో అతనికి తెలియుట ఎట్లు? పరుల మాట నమ్ముట తప్ప వేరు గతి లేదా?

మీ యింట నూరు రూపాయల నోటు నొకదానిని తీసికొని కన్నులు మూసికొని అంచులను తడిమి చూడుడు. 2018లో వెలువడిన ఊదారంగు నోటుకు రెండు ప్రక్కల అంచులలో ఏటవాలుగ నాలుగు ఉబ్బు గీతలుండును. వాని దగ్గర ముక్కోణపు గుర్తొకటి ఉబ్బెత్తుగ ముద్రింపబడి యుండును. ఇన్నూరు రూపాయల నోటుకు నాలుగు గీతలును, వాని నడుమ రెండు చిన్న వలయములును కలవు. ఉబ్బు గుర్తు ఇంగ్లీషు హెచ్ అక్షరపు ఆకారము. ఐదువందల నోటుకు ఐదు గీతలు, వలయపు గుర్తు. గండికోటకు వచ్చిన వర్తకుడు వర్ణించిన వ్రేళ్ళ లెక్కయే మరల మన నోటుమీదికి వచ్చినట్లున్నది కదా! నాణెములలోను ఇట్టి శ్రద్ధ కనబడును. 2019లో చూపులేనివారు సులభముగ పోల్చుకొనునట్లు కొత్త నాణెముల వరుసను ప్రభుత్వము ప్రకటించెను. వానిలో ఇరువది రూపాయల నాణెమునకు పండ్రెండు భుజములు. ఐతే నోటు పలుచేతులు మారి నలిగిన కొలది ఉబ్బు గీతలు అరిగిపోవును. అందుచేత 2020లో రిజర్వు బ్యాంకు నోటును చూచి దాని విలువను పలుకు సాధనమును చేతి ఫోనులో వాడుటకు వెలువరించెను. చేతికి అందనిది చెవికి అందినది.

స్పర్శతో చదువు విద్యలలో తలమానికమైనది బ్రెయిలీ లిపి. లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్సు దేశములో ఒక పల్లెలో జన్మించెను. తండ్రి గుర్రపు జీనులు కుట్టువాడు. మూడేండ్ల వయసున తండ్రి పనిముట్టుతో ఆడుకొనుచుండగా మొన కంటికి తగిలి, క్రమముగ రెండు కన్నులును పోయినవి. పారిస్ నగరములోని అంధుల పాఠశాలలో అతడు చేరెను. ఆ దినములలో బార్బియే అను సైనికోద్యోగి, రాత్రివేళ దీపము లేకయే సైనికులు చదువుకొనుటకై పండ్రెండు చుక్కల లిపిని కల్పించి యుండెను. అది వ్రేలికి పెద్దది. ఒక్క తాకుతో అక్షరమంతయు అందదు. బాలుడైన బ్రెయిలీ దానిని ఆరు చుక్కలకు కుదించెను. అప్పటికి, అనగా 1824లో, అతనికి పదునైదేండ్లు! మీకంటె రెండేండ్లు పెద్దవాడు, అంతే.

రెండు నిలువు వరుసలు, వరుసకు మూడు చుక్కలు. ఎడమ వరుసలో పైనుండి క్రిందికి 1, 2, 3. కుడి వరుసలో 4, 5, 6. కొన్ని చుక్కలను ఉబ్బించి, కొన్నిటిని విడిచినచో 63 గుర్తులేర్పడును. అంకెలు వ్రాయుటకు ముందుగ 3, 4, 5, 6 చుక్కల గుర్తు నుంచుదురు. అది "ఇక వచ్చునది అంకె" యని హెచ్చరిక. పిదప 1వ చుక్క ఒక్కటియే యున్న ఒకటి. 2, 4 చుక్కలున్న తొమ్మిది. 1, 5 చుక్కలున్న ఐదు. 1, 2, 4 చుక్కలున్న ఆరు. ఈ నాలుగు గుర్తులను వరుసగ నుంచిన 1956. మన ఆంధ్రప్రదేశ్ అవతరించిన సంవత్సరము! మన దేశభాషలకన్నిటికి కలిపి భారతీ బ్రెయిలీ అను ఏర్పాటు 1951లో కుదిరినది. దాని ప్రకారము తెలుగు "క"కును, హిందీ "క"కును గుర్తు ఒక్కటియే; 1, 3 చుక్కలు. కంటికి వేరువేరుగ కనబడు లిపులు వ్రేలి క్రింద అక్కచెల్లెండ్రైనవి.

ఇక మనము మొదట విడిచివచ్చిన తరగతి గదికి తిరిగి పోవుదము. వర్షపు చిత్రమును ఆ బాలుని చేతికి అందించుట ఎట్లు? ఖర్చు లేదు; కొంచెము ఓపిక చాలును. ఒక గట్టి అట్టను తీసికొనుడు. అడుగున అడ్డముగ ఒక దారమును, ఎడమ ప్రక్క నిలువుగ ఒక దారమును జిగురుతో అంటింపుడు. అడుగు దారము వెంట పండ్రెండు నెలలకు పండ్రెండు చోట్లు సమాన దూరములో గుర్తింపుడు. ఒక్క చింతగింజ 20 మిల్లీమీటర్ల వర్షమునకు గుర్తని ముందుగ చెప్పుకొనుడు. ఒక నెలలో 60 మిల్లీమీటర్లు కురిసినచో మూడు గింజలను ఒకదానిపై నొకటిగ నిలువు వరుసలో అంటింపుడు. 140 కురిసినచో ఏడు గింజలు. కడప జిల్లాలో సంవత్సరమునకు సగటున కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అనగా సంవత్సరపు వాన యంతయు సుమారు ముప్పదియైదు చింతగింజలు! వానిలో పెద్ద వరుసలు సెప్టెంబరు, అక్టోబరు నెలల చెంత నిలుచును. జనవరి, ఫిబ్రవరి నెలల చెంత వ్రేలు ఒట్టి అట్టను తడుమును. మన సీమ రైతు ఆకాశమువంక ఎందులకు చూచునో ఆ ఒట్టి అట్ట చెప్పును.

ఇచ్చట మన మూడు నియమములు పనికివచ్చును. గింజ విలువ ముందే తెలియవలెను. వరుసకును వరుసకును నడుమ వ్రేలు పట్టునంత ఎడముండవలెను. నెలలు క్రమము తప్పరాదు. వీనికి నాల్గవది చేర్చుకొనుడు: ఒకే అట్టమీద అనేక విషయములను కూర్చరాదు. కన్ను చిత్రమునంతటిని ఒక్కచూపున చుట్టివచ్చును. వ్రేలు ఒక్కొక్క చోటును తాకి, తాకినవానిని మనస్సులో కూర్చుకొనవలెను. కనుక కంటికి అందముగ నుండు అలంకారములు వ్రేలికి అడ్డంకులు.

ఇదే చిత్రమును చెవికిని వినిపింపవచ్చును. హార్మోనియము మీద తక్కువ వానకు తగ్గు స్వరము, ఎక్కువ వానకు హెచ్చు స్వరము అని నిర్ణయించుకొని, నెలకొక స్వరముగ పండ్రెండు స్వరములను వాయించినచో, సంవత్సరపు వాన కొద్ది క్షణములలో పాటగ వినబడును. ఎక్కడ హెచ్చినదో, ఎక్కడ తగ్గినదో చెవి ఇట్టె పట్టుకొనును. ఐతే ఎన్ని మిల్లీమీటర్లో అది చెప్పజాలదు. దానికి గింజలను లెక్కింపవలసినదే. శబ్దము పలికిన వెంటనే పోవును, గింజ నిలిచియుండును. ఒక్కొక్క ఇంద్రియమునకు ఒక్కొక్క నేర్పు, ఒక్కొక్క కొరత.

ఇది పిల్లల ఆట మాత్రమే యనుకొనకుడు. ప్యూర్టోరికో దీవికి చెందిన వాండా డియాజ్ మెర్సెడ్ అను ఖగోళ శాస్త్రజ్ఞురాలు చదువుకొను కాలములో చూపు కోల్పోయెను. నక్షత్రముల నుండి వచ్చు సమాచారమును శబ్దములుగ మార్చి వినుచు ఆమె తన పరిశోధనను సాగించెను. 2015 సెప్టెంబరు 14న రెండు కృష్ణబిలములు కలిసిపోవుటచే పుట్టిన గురుత్వతరంగములను అమెరికాలోని యంత్రములు మొదటిసారి పట్టినప్పుడు, శాస్త్రజ్ఞులు ఆ తరంగములను శబ్దముగ మార్చి లోకమునకు వినిపించిరి. అది క్షణములో హెచ్చుస్థాయికి ఎగసి ఆగిపోవు చిన్న కూతవంటిది. కంటికి ఎన్నడును కానరాని సంఘటన చెవికి అందెను.

చూపులేని విద్యార్థి తక్కినవారితో కలిసి అదే తరగతిలో చదువుకొనుటకును, తనకు అనువైన రూపములో పాఠమును పొందుటకును హక్కు కలదని 2016లో మన పార్లమెంటు శాసనము చేసెను. శాసనము కాగితముమీద నుండును. దానిని అట్టమీదికి తెచ్చుట తోటి విద్యార్థుల చేతిలో నున్నది. మరునాడు ఆ తరగతి పిల్లలు చింతగింజల చిత్రమును తయారుచేసి మూడవ వరుసలోని బాలుని ముందుంచిరనుకొందము. అతడు ఎడమ నుండి కుడికి మెల్లగ వ్రేళ్ళు నడిపించును. ఒకచోట ఆగి మరల లెక్కించును. పిదప చేయి పైకెత్తి, "అయ్యా! అక్టోబరు వాన 140 అని నిన్న మీరు చదివితిరి. ఇచ్చట గింజలు ఆరే యున్నవి" అనును. కన్నులున్నవారెవ్వరును ఆ గింజలను లెక్కింపలేదు. ఎత్తుగ నున్నది చాలుననుకొనిరి. ఉపాధ్యాయుడు వంగి లెక్కించి, జేబులోనుండి ఏడవ గింజను తీసి అతని చేతికిచ్చును. దానిని అంటింపవలసినవాడు అతడే.